స్టేటస్ పెడితే ఉద్యోగం పోతుందా? మీ పోస్టులపై ఆఫీసు కన్ను ఎంతవరకు? చట్టం ఏమంటోంది?

అప్రైజల్ లెటర్ వచ్చింది. హైక్ చూస్తే ఒళ్లు మండింది. ఆ కోపంలో వాట్సప్ స్టేటస్‌లో కంపెనీ మీద నాలుగు మాటలు రాసి పడుకున్నారు. తెల్లారి లేచాక, ఎందుకొచ్చిన గొడవ అని డిలీట్ కూడా చేశారు. పదకొండింటికి హెచ్‌ఆర్ నుంచి పిలుపు. లోపలికెళ్తే టేబుల్ మీద మీ స్టేటస్ ప్రింటవుట్!

మీకు జరగకపోయినా, మీకు తెలిసినవాళ్లలో ఎవరికో ఒకరికి ఇలాంటిది జరిగే ఉంటుంది. ఇంతకీ సొంత ఫోన్‌లో, సొంత అకౌంట్‌లో, డ్యూటీ అయిపోయాక పెట్టిన పోస్టును కంపెనీ చూడొచ్చా? చూసి యాక్షన్ తీసుకోవచ్చా?

అసలు వాళ్లకెలా తెలుస్తుంది?

చాలామంది అనుకునేది ఏంటంటే, ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ కూర్చుని మన అకౌంట్లన్నీ చదివేస్తుందని. అలాంటి టూల్స్ లేకపోలేదు. పెద్ద కంపెనీలు తమ బ్రాండ్ పేరు ఇంటర్నెట్‌లో ఎక్కడ కనిపించినా అలర్ట్ వచ్చేలా పెట్టుకుంటాయి. కానీ అవి పట్టుకునేది పబ్లిక్‌గా ఉన్నదాన్నే. మీ వాట్సప్ స్టేటస్, ప్రైవేట్ ఇన్‌స్టా స్టోరీ వాటికి దొరకవు.

మరి దొరికేది ఎలా? పక్క సీటువాళ్ల వల్ల! స్టేటస్ చూసినవాళ్ల లిస్టులో ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీస్తారు. అది టీమ్ లీడ్‌కి, అక్కడినుంచి మేనేజర్‌కి, చివరికి హెచ్‌ఆర్‌కి చేరుతుంది. మీరు డిలీట్ చేసేది మీ ఫోన్‌లోనే, వాళ్ల గ్యాలరీలో కాదు.

ఇంకో దారి ఆఫీసు ల్యాప్‌టాప్. అది కంపెనీ ఆస్తి. అందులో ఏం ఓపెన్ చేశారో చూసే సాఫ్ట్‌వేర్ వేసుకునే వీలు వాళ్లకుంటుంది. కాబట్టి అందులో వాట్సప్ వెబ్ తెరిచి మేనేజర్‌ని తిట్టుకోవడం అంత తెలివైన పని కాదు.

ఆఫర్ లెటర్‌లో ఏముందో చూశారా?

ప్రైవేటు ఉద్యోగికి అసలు చిక్కు ఇక్కడే. రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చిన భావప్రకటన హక్కు ప్రధానంగా ప్రభుత్వాల నుంచి కాపాడటానికి పుట్టింది. ప్రైవేటు కంపెనీతో పేచీ వస్తే ఆచరణలో ముందుగా చూసేది మీరు సంతకం పెట్టిన కాగితాన్నే. ‘సంస్థ పరువుకు భంగం కలిగించే వ్యాఖ్యలు చేయరాదు’ అని ఒక లైన్, ‘కంపెనీ పాలసీలన్నిటికీ కట్టుబడి ఉంటాను’ అని ఇంకో లైన్ చాలా ఆఫర్ లెటర్లలో ఉంటాయి. ఆ పాలసీల్లో సోషల్ మీడియా పాలసీ కూడా ఒకటి.

ఈ స్టోరీ రాసేముందు నా ఆఫర్ లెటర్ తీసి చూసుకున్నా. చేరేటప్పుడు ఆఖరి పేజీలో సంతకం పెట్టానే తప్ప, ఆ క్లాజ్ ఉన్న పేజీ చదివింది మాత్రం ఇవాళే.

ప్రొఫైల్‌లో ‘అభిప్రాయాలు వ్యక్తిగతం’ అని రాసుకుంటే సేఫ్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పక్కనే కంపెనీ పేరు, హోదా ఉంటే ఆ లైన్ పెద్దగా ఆదుకోదు.

మరి ప్రైవసీ హక్కు మాటేంటి? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచ్ తేల్చింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. అయితే ఉద్యోగులు ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, మీ అంతట మీరే పబ్లిక్‌గా పెట్టిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అంటే ఓపెన్ ప్రొఫైల్‌లో పెట్టిన పోస్టును హెచ్‌ఆర్ చూశారని ఈ చట్టం కింద కంప్లైంట్ ఇవ్వలేరు. రెండు, ఉద్యోగ అవసరాల కోసం, సంస్థకు నష్టం రాకుండా చూసుకోవడం కోసం ఉద్యోగి డేటాను విడిగా అనుమతి అడక్కుండానే వాడుకునే వెసులుబాటు యజమానికి ఇచ్చారు.

పాస్‌వర్డ్ మాత్రం వేరే సంగతి. మీ అకౌంట్‌లోకి మీ అనుమతి లేకుండా చొరబడటం, దురుద్దేశంతో మీ పాస్‌వర్డ్ వాడటం ఐటీ చట్టం కింద నేరాలు. మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. అమెరికాలో అయితే పాస్‌వర్డ్ అడగడాన్నే నిషేధిస్తూ 2012లో మేరీల్యాండ్ మొదటగా చట్టం చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మన దగ్గర అలా ప్రత్యేకంగా చట్టం లేదు.

ప్రభుత్వ ఉద్యోగులైతే?

వీళ్లకి రూల్స్ ఇంకా గట్టివి. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. ప్రభుత్వ విధానాలను తప్పుబట్టేలా బహిరంగంగా మాట్లాడకూడదు, రాయకూడదు అంటుంది 9వ రూల్. ఏపీ, తెలంగాణ ఉద్యోగులకూ 1964 నాటి రూల్సే ఆధారం. అవి రాసినప్పుడు ఫేస్‌బుక్ కాదు, మన ఊళ్లలో టీవీలే లేవు! ఇప్పుడు రీల్స్‌కీ వాటినే వాడుతున్నారు. ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖైతే 2023 ఫిబ్రవరిలో ఏకంగా కొత్త పాలసీ తెచ్చి, యూనిఫాంలో రీల్స్ చేయొద్దంది.

అయితే ఇక్కడ ఒక ప్లస్ పాయింట్ ఉంది. యజమాని ప్రభుత్వమే కాబట్టి ఉద్యోగి నేరుగా హైకోర్టు తలుపు తట్టొచ్చు. త్రిపురలో అదే జరిగింది. మత్స్యశాఖలో పనిచేసే ఓ మహిళా క్లర్క్‌ను 2018 ఏప్రిల్‌లో సస్పెండ్ చేశారు. రాజకీయ ర్యాలీకి వెళ్లారని, ఫేస్‌బుక్‌లో ఓ నాయకుడికి వ్యతిరేకంగా రాశారని అభియోగం. అప్పటికి ఆమె రిటైర్మెంట్‌కు ఉన్నది నాలుగైదు రోజులే! జీవితమంతా చేసిన సర్వీసు, దాని తాలూకు బెనిఫిట్స్ ఒక్క పోస్టు దగ్గర ఆగిపోయాయి. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు చీఫ్ జస్టిస్ అకిల్ ఖురేషి ఆ చర్యను కొట్టేశారు. ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నంత మాత్రాన మాట్లాడే హక్కు పోదని, రూల్స్ గీసిన గీత లోపల అది ఉంటుందని తేల్చారు.

తెలంగాణలో 2025లో వచ్చిన వివాదం మీకు గుర్తుండే ఉంటుంది. కంచ గచ్చిబౌలి భూముల గొడవ నడుస్తున్న టైంలో, బుల్డోజర్ల ముందు జింక, నెమళ్లు ఉన్న ఏఐ బొమ్మను సీనియర్ ఐఏఎస్ అధికారిణి స్మితా సబర్వాల్ రీపోస్ట్ చేశారు. ఆమె సొంతంగా రాసింది కాదు, రీపోస్టే. గచ్చిబౌలి పోలీసులు నోటీసు ఇచ్చారు. అదే బొమ్మను షేర్ చేసిన దాదాపు 2 వేల మందికీ ఇలాగే నోటీసులిచ్చారా అని ఆమె బహిరంగంగానే అడిగారు. ఆ నెలాఖరులో జరిగిన ఐఏఎస్ బదిలీల్లో ఆమె పేరు కూడా ఉంది. బదిలీ ఉత్తర్వుల్లో కారణాలు రాయరు కాబట్టి ఈ రెండింటికీ ముడిపెట్టలేం. కానీ షేర్ బటన్ నొక్కడం కూడా ‘పోస్టు’ కిందే లెక్కేస్తారన్నది మాత్రం అందరికీ అర్థమైంది.

గ్రూపులో తిట్టుకుంటే?

ఇందాక స్టేటస్ గురించి చెప్పుకున్నాం. నలుగురు కొలీగ్స్ ఉన్న వాట్సప్ గ్రూపు మాటేంటి? దీనిమీద 2023లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ ఇచ్చిన తీర్పు ఉద్యోగులందరూ తెలుసుకోవాల్సింది. తమిళనాడు గ్రామ బ్యాంకులో ఓ ఆఫీస్ అసిస్టెంట్, యూనియన్‌లో కూడా చురుగ్గా ఉండేవారు. ఉద్యోగుల గ్రూపులో పైఅధికారుల తీరును విమర్శిస్తూ మెసేజ్‌లు పెట్టారు. అవి బ్యాంకు చేతికి చిక్కాయి, ఛార్జ్ మెమో వచ్చింది. జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఆ మెమోను కొట్టేశారు. ఏ సంస్థలోనైనా ఉద్యోగులకు పైవాళ్ల మీద గోడు ఉంటుంది, దాన్ని తమలో తాము వెళ్లబోసుకునే హక్కు కూడా ఉంటుందన్నది ఆ తీర్పు సారాంశం. ఇంట్లో కూర్చుని స్నేహితులతో అనుకోదగ్గ మాటను, బయటివాళ్లకు ప్రవేశం లేని గ్రూపులో అంటే తప్పెలా అవుతుందన్నది కోర్టు వాదన.

అలాగని గ్రూపులో ఏం రాసినా చెల్లుతుందని కాదు. సంస్థ రహస్యాలు, సహోద్యోగిని మీద అసభ్య కామెంట్లు, బెదిరింపులు వేరే లెక్క. పైగా ఆ ఉద్యోగి గెలిచింది హైకోర్టు దాకా వెళ్లాక. ఎంతమందికి అంత ఓపిక, డబ్బు ఉంటాయి?

గల్ఫ్‌లో, అమెరికాలో మనవాళ్లు

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు ఉద్యోగం పోవడమంటే సాధారణంగా వీసా కూడా పోవడమే. 2020 ఏప్రిల్‌లో మతాన్ని కించపరిచే పోస్టులు పెట్టారని యూఏఈలో పలువురు భారతీయుల ఉద్యోగాలు పోయాయి. వివక్ష, విద్వేషాలపై అక్కడ 2015 నుంచే చట్టం ఉంది. జాగ్రత్తగా ఉండాలన్నట్టు అప్పటి భారత రాయబారి పవన్ కపూరే ట్వీట్ చేయాల్సి వచ్చింది. 2022 నుంచి అమల్లో ఉన్న సైబర్ చట్టం ప్రకారం వదంతులు వ్యాప్తి చేస్తే కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హమ్‌ల ఫైన్. ఇక్కడ ఊళ్లో గ్రూపులో వచ్చిన వీడియోను అక్కడ కూర్చుని ఫార్వర్డ్ చేసేముందు ఇది గుర్తుండాలి.

అమెరికాలో చాలాచోట్ల కారణం చెప్పకుండానే తీసేయొచ్చు. కాకపోతే జీతాలు, పని పరిస్థితుల గురించి తోటి ఉద్యోగులతో కలిసి పెట్టే పోస్టులకు 1935 నాటి కార్మిక చట్టం రక్షణ ఇస్తుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. దానికి తోడు 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 వీసాకి అప్లై చేసేవాళ్లు ప్రొఫైల్స్ పబ్లిక్‌గా పెట్టాలని అక్కడి విదేశాంగ శాఖ చెప్పింది. ఇక దాచుకోవడానికేముంది?

నోటీసు వస్తే ఏం చేయాలి?

ముందు ఆ పోస్టును కంగారులో డిలీట్ చేయకండి. మీరేం రాశారో, ఎవరికి కనిపించేలా పెట్టారో రుజువు చేసేది అదే. కావాలంటే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకుని ఆ తర్వాత తీసేయండి. ఏ పోస్టు, ఏ పాలసీలోని ఏ రూల్‌ని ఉల్లంఘించిందో రాతపూర్వకంగా అడగండి. సమాధానం కూడా మెయిల్‌లోనే ఇవ్వండి, క్యాబిన్‌లో నోటిమాటగా కాదు. ‘మీరే రిజైన్ చేస్తే రికార్డు క్లీన్‌గా ఉంటుంది’ అన్నారని అక్కడికక్కడే సంతకం పెట్టేయొద్దు. రాజీనామా ఇచ్చాక, బలవంతంగా రాయించారని నిరూపించడం చాలా కష్టం.

మీరు చట్టం దృష్టిలో ‘కార్మికులు’ అయితే, విచారణ జరపకుండా తప్పు చేశారంటూ తీసేయడం కుదరదు. మేనేజర్ స్థాయి వాళ్లు, నెలకు 18 వేలకు పైగా జీతం తీసుకునే సూపర్‌వైజర్లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఆ లెక్కలోకి రారు. వాళ్లకు కాంట్రాక్టే దిక్కు. మీరు ఏ కేటగిరీయో తేల్చేది విజిటింగ్ కార్డు మీద ఉన్న హోదా కాదు, రోజూ చేసే పని. ఆ సంగతి లేబర్ లాయర్‌ని అడిగి తెలుసుకున్నాకే రిప్లై మెయిల్ పంపండి.