రెండో పిలుపు

సభాపర్వం వింటున్న ప్రతి తెలుగువాడికీ ముగింపు తెలుసు. రాజ్యం పోతుందని తెలుసు, తమ్ముళ్ళు పోతారని తెలుసు, ద్రౌపదిని సభకు ఈడుస్తారని తెలుసు. అయినా ధర్మరాజు పాచికల ముందు కూర్చునే చోట మనసు ఒక్క క్షణం ఆగుతుంది. ఈసారైనా లేచిపోతాడేమోనని ఆశపడుతుంది. లేవడు. ఎన్నిసార్లు విన్నా లేవడు.

ఇప్పుడు చెప్పబోయే కథ కూడా అలాంటిదే. ఇబ్రహీంపట్నంలో, ఫెర్రీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ఇల్లుంది. 2015లో పట్టిసీమ నీళ్ళు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి కృష్ణలో కలిసిన చోటు అక్కడికి దగ్గరే. థర్మల్ స్టేషన్ నుంచి బూడిద లారీ తోలి, రూపాయి రూపాయి కూడబెట్టి, ఒక డ్రైవరు కట్టుకున్న ఇల్లు. ఇవాళ ఆ ఇంట్లో వేరేవాళ్ళు ఉంటున్నారు. కట్టినవాళ్ళు అద్దె గదికి మారారు. వాళ్ళ కొడుకు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

అతడికి పేరు పెట్టను. నాలుగైదు ఇళ్ళలో జరిగిన వాటిని ఒకచోట చేర్చి, ఒకే మనిషిగా చెబుతున్నాను. పేరు లేకపోయినా మీకు అతడు తెలిసినవాడిలాగే ఉంటాడు. చదువుకున్నాడు. లెక్కల్లో చురుకు. విజయవాడలో చిన్న ఉద్యోగం. జీతం రాగానే అమ్మ చేతిలో పెట్టేవాడు. చెల్లెలి పెళ్ళి బాధ్యత తనదేనని అందరికీ చెప్పుకునేవాడు. దేవుడు ఒక ఇంటికి ఇవ్వగలిగిన మంచి కొడుకుల్లో ఒకడు.

పేకముక్కలు అతడికి కొత్త కాదు. ఈ డెల్టాలో సంక్రాంతి వచ్చిందంటే కోడిపందేల బరుల పక్కన పేకాట శిబిరాలు వెలుస్తాయి. ఆసు, జాకీ, ఇస్పేటు, కళావరు అనే మాటలు పిల్లలకు బడి కంటే ముందే వస్తాయి. కానీ ఆ శిబిరాలు పండగతో పాటే ఎత్తేసేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఊరు తలుపులు మూసుకున్నప్పుడు, ఫోనులో ఇంకో శిబిరం తెరుచుకుంది. దానికి పగలు లేదు, రాత్రి లేదు, కనుమ తర్వాతి రోజు లేదు. ఆట పేరు పోకర్.

మొదటి వారం గెలిచాడు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఎక్కువ దుఃఖం కలిగించేది ఆ గెలుపే. ఆ వారం ఓడిపోయి ఉంటే విసుగొచ్చి ఫోను పక్కన పడేసేవాడు. గెలిచాడు గనుక తనకు ఆట వచ్చునని నమ్మాడు. ఆ నమ్మకం అబద్ధం కూడా కాదు. పుస్తకాలు చదివాడు, లెక్కలు కట్టాడు. ఎవరైనా జూదమంటే, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిందని వాదించేవాడు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో వచ్చిన తీర్పు అది. అక్కడ విచారణకు వచ్చింది పదమూడు ముక్కల రమ్మీ. అదే తీర్పు మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట అంది. పోకర్ ఊసు అందులో లేదు. ఆ తేడా అతడికి చెప్పగలిగిన పెద్ద దిక్కు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

2020 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆటల్ని నిషేధించాలని నిర్ణయించింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించారు. తలుపు మూసుకుంది. అప్పటికి అతడు పోగొట్టుకున్నది ఒక నెల జీతం కూడా లేదు. అక్కడితో ఆగిపోవచ్చు. ఆ శీతాకాలం మామూలుగా గడిచిపోవచ్చు. కానీ ఫోను ఎక్కడుందో తప్పుగా చూపించే కిటుకు ఒకటి స్నేహితుడు నేర్పాడు. మనిషి ఇబ్రహీంపట్నంలో మంచం మీద పడుకుని ఉంటే, ఆటలో మాత్రం పరాయి రాష్ట్రంలో ఉన్నట్టు కనిపించేవాడు.

ఆ తర్వాత ఒక రాత్రి. చేతిలో రెండు ఆసులు. ఆ ఆటలో మొదట పడే రెండు ముక్కల్లో అంతకు మించినవి లేవు. ఉన్నదంతా ముందుకు తోశాడు. అవతల ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు, ఒక ఏడు, ఒక రెండు పట్టుకుని పందేనికి దిగాడు. ఆట తెలిసినవాడెవడూ ఆ ముక్కలతో దిగడు. నూటికి 85 సార్లకు పైగా ఆసులే గెలవాలి. బల్లమీద ఒక ఏడు పడింది. చిట్టచివర ఇంకో ఏడు పడింది. ఆరు నెలల పొదుపు అవతలి వాడిదైపోయింది.

చేతకాని ఆటగాడి చేతిలో, దురదృష్టం వల్ల ఓడిపోయానని అతడు అనుకున్నాడు. అది నిజమే. చేతకానివాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఓడక తప్పదని, చాలాసేపు ఆడితే తన లెక్కే గెలుస్తుందని కూడా అనుకున్నాడు. ఆ లెక్క వేల ఆటల మీద తేలేది. అది తేలేదాకా కూర్చోగలిగిన డబ్బు అతడిది కాదు. లారీ వాయిదా నెల దాటి ఆగదు. చెల్లెలి ముహూర్తం ఆగదు. ప్రతి పందెం కుప్పలోంచి నిర్వాహకుల వాటా ముందే తెగిపోతుంది. పైగా ఓడి రగిలిపోతున్నవాడి కోసమే ఆ బల్లల దగ్గర నిదానస్థులు ఓపిగ్గా కాచుకుని ఉంటారు. కోపంతో మళ్ళీ కూర్చున్న మరుక్షణం నుంచి ఆ బల్ల మీద చేతకాని ఆటగాడు అతడే. ఆ సంగతి అతడికి తప్ప అక్కడ అందరికీ తెలుసు. ధర్మరాజుకు జూదం మీద ఇష్టమే గాని ఆడటం రాదని శకుని దుర్యోధనుడితో ముందే అన్నాడు. అది ధర్మరాజు చెవిన పడలేదు.

రాత్రి రెండింటికి అమ్మ మంచినీళ్ళకు లేచింది. గదిలో వెలుగు చూసి, “ఇంకా పడుకోలేదా నాన్నా?” అంది. “ఆఫీసు పనమ్మా” అన్నాడు. ఆమె నమ్మింది. అన్నం సరిగా తినడం లేదని పొద్దున్నే పెరుగు ఇంకో గరిటె వేసింది. ఆ రాత్రి ఆమె లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని ఉంటే బాగుండేది. కూర్చోకపోవడం ఆమె తప్పు కాదు. కష్టపడే కొడుకును అనుమానించడం ఆ తల్లికి తెలియదు.

అప్పు ఇచ్చే యాప్‌లు వచ్చాయి. నిమిషాల్లో డబ్బు, వారాల్లో రెట్టింపు. ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ వాళ్ళు కాల్ చేయడం మొదలుపెట్టినప్పుడు, చెల్లెలికి కాబోయే అత్తగారింటికి కూడా ఒక కాల్ వెళ్ళింది. అప్పుడు తెలిసింది ఇంట్లో.

తండ్రి చెయ్యెత్తలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చెల్లెలి కోసమని కొనిపెట్టిన స్థలం అమ్మి, అప్పులన్నీ కట్టేశాడు. “అయిపోయిందిరా అబ్బాయ్. ఇంక దాని మాట ఎత్తొద్దు. నువ్వు బాగుంటే మళ్ళీ సంపాదించుకుంటాం” అన్నాడు. కొడుకు ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఫోనులోంచి ఆట తీసేశాడు.

మొదటి జూదం అయ్యాక పాండవులు పోగొట్టుకున్నదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. రథాలెక్కి ఇంద్రప్రస్థానికి బయల్దేరారు. కథ అక్కడ ఆగిపోయి ఉంటే కురుక్షేత్రం లేదు. కానీ సగం దారిలో దూత ప్రాతికామి వెనకే వచ్చి, మళ్ళీ ఆడటానికి రమ్మంటున్నారని చెప్పాడు. వినాశం తప్పదని తెలిసి కూడా ధర్మరాజు రథం వెనక్కి తిప్పాడు. మహాభారతంలో నన్ను ఎక్కువగా ఏడిపించేది ఆ వెనుదిరిగిన రథమే. మొదటిసారి కూర్చోవడంలో తెలియనితనం ఉంది. రెండోసారి కూర్చోవడంలో, పోయినదాన్ని తిరిగి తెచ్చి అందరి ముందూ తలెత్తుకోవాలన్న ఆరాటం ఉంది.

ఇతడికీ రెండో పిలుపు వచ్చింది. మళ్ళీ చేరితే కొంత డబ్బు ఉచితంగా వేస్తామని ఒక చిన్న సందేశం. నాన్న అమ్మిన స్థలాన్ని నాన్నకు తిరిగి కొనివ్వాలనుకున్నాడు. దురాశతో కూర్చోలేదు, సిగ్గుతో కూర్చున్నాడు. ప్రేమ కూడా అందులో ఉంది. ఈసారి పోయింది ఇల్లు.

తెల్లారి లేచేసరికి అతడు లేడు. ఫోను మాత్రం బల్లమీద ఉంది.

అప్పటికే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణిలో తెలుగులోనే వినేవాళ్ళు ఉన్నారు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధించే చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ చట్టం శిక్ష పెట్టింది ఆట నడిపేవాళ్ళకు, ప్రకటనలు చేసేవాళ్ళకు, డబ్బు మళ్ళించేవాళ్ళకు. ఆడి చితికినవాణ్ణి అది నేరస్థుడిగా చూడలేదు. ఆ మాట అతడి చెవిన పడిందో లేదో. ఏటా 45 కోట్ల మంది ఈ ఆటల్లో దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం అంచనా వేసింది. ఆ సున్నాల్లో ఎక్కడో ఒక స్థలం, ఒక ఇల్లు, ఆగిపోయిన ఒక పెళ్ళి ఉన్నాయి.

పాండవుల అరణ్యవాసానికి పన్నెండేళ్ళని గడువుంది, అజ్ఞాతవాసానికి ఏడాదని లెక్కుంది. ఇతడి అజ్ఞాతవాసానికి గడువు ఎవరూ పెట్టలేదు. ఇంకొకటి కూడా ఉంది. అడవిలో ధర్మరాజు, నాకంటే దుఃఖితుడు ఎవరైనా ఉన్నాడా అని అడిగినప్పుడు, బృహదశ్వ మహర్షి పక్కన కూర్చుని నలమహారాజు కథ చెప్పాడు. జూదంలో సర్వస్వం పోగొట్టుకుని, కట్టుకున్న బట్ట కూడా పోయి, భార్యను అడవిలో వదిలేసిన రాజు మళ్ళీ మనిషైన కథ అది. ఎందుకు ఆడావని ఆ మహర్షి నిలదీయలేదు. ఓడినవాడి పక్కన ఒక మనిషి కూర్చున్నాడు, అంతే. మా ఊళ్ళో ఇతడి పక్కన ఎవరూ కూర్చోలేకపోయాం. స్థలం అమ్మిన రోజున అప్పు తీరిందా అని అడిగినవాళ్ళమే అందరం. నీకు నిద్ర పడుతోందా అని అడిగినవాళ్ళు లేరు.

రెండో పిలుపు ప్రతి ఇంటికీ వస్తుంది. అది రాకముందే ఓడిన పిల్లల పక్కన మనం చేరాలి. వెళ్ళిపోయినవాడికి ఆ తండ్రి మాటే నేనూ చెబుతున్నాను: ఇల్లు పోతే పోయిందిరా అబ్బాయ్, నువ్వు వచ్చెయ్యి.