మాడిపోయిన మోటారుతో మొదలైన మిక్సీ

కృష్ణగిరి జిల్లా గురుబరపల్లి చుట్టుపక్కల రాతికి కరువు లేదు. ఇప్పుడు కృష్ణగిరి గుట్టల గ్రానైటు నున్నటి పలకలై పైదేశాలకు ఎగుమతి అవుతోంది. అంతకు ఎంతో ముందు నుంచీ ఇక్కడి ఇళ్ళల్లో రాయి అంటే రుబ్బురోలు, సన్నికల్లు, తిరగలి. ఆ రాళ్ళను మలిచిన చేతుల్లో తెలుగు మాట్లాడే వడ్డెరలవి చాలా ఉన్నాయి. తమిళనాడులో రాతిపనికి వాళ్ళు పేరుపడ్డవాళ్ళు. రోలు అరిగి నున్నబడితే ఉలితో గంట్లు కొట్టిస్తే చాలు, మళ్ళీ పదునెక్కేది. అత్త రుబ్బిన రోట్లోనే కోడలూ, ఆమె కోడలూ రుబ్బేవాళ్ళు. ఏ మిక్సీ కొందామని చూసినా, ఎన్నేళ్ళు వస్తుందని మనం ముందుగా అడగడం వెనక ఆ రోలే ఉంది.

రోలు మన్నింది గానీ రుబ్బినవాళ్ళ నడుములు మన్నలేదు. కోడి కూయకముందే లేచి పిండి రుబ్బడం, పూటపూటకూ కారం నూరడం ఆడవాళ్ళ పని. జీతం లేదు, సెలవు లేదు. మిక్సీ చరిత్రను యంత్రం చరిత్రగా చెప్పి ఊరుకుంటే ఈ శ్రమ లెక్కలోకి రాకుండా పోతుంది.

బయటి దేశాల్లో మిక్సీకి ముత్తాత పుట్టింది పాలూ పండ్లూ కలపడానికి. అమెరికాలో స్టీఫెన్ పోప్లావ్‌స్కీ 1922లో గిన్నె అడుగున తిరిగే బ్లేడుకు పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. ఫ్రెడ్ వేరింగ్ అనే బ్యాండు నాయకుడి పేరుతో 1937లో బ్లెండరు బజారుకొచ్చింది. ఫుడ్ ప్రాసెసరు అసలు ఫ్రాన్స్‌లో హోటళ్ళ వంటగదుల కోసం పియేర్ వెర్డన్ చేసిన యంత్రం. దాన్ని చూసి ముచ్చటపడ్డ కార్ల్ సాన్‌థైమర్ 1973లో క్విజినార్ట్ పేరుతో అమెరికా ఇళ్ళకు తెచ్చాడు. కూరగాయలు తరగడం, మాంసం కొట్టడం, పిండి కలపడం దాని పనులు. పసుపు కొమ్ములు, ఎండుమిరపకాయలు, ముదురు కొబ్బరి దాని లెక్కలోనే లేవు.

బొంబాయిలో మాధురీ మాథుర్ ఇంట్లో బ్రౌన్ మిక్సరు పాడైంది. జర్మనీ యంత్రం, ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజనీరు. మన వంటకు తట్టుకునే మోటారు తానే తయారు చేయాలని పూనుకుని 1963లో పవర్ కంట్రోల్ అండ్ అప్లయన్సెస్ అనే కంపెనీ పెట్టాడు. అలా వచ్చిందే సుమీత్. మోటారు బలం పెంచి, స్టీలు జార్లు పెట్టి, తడిపొడి రెండూ నూరేలా చేశారు. దక్షిణాదిలో చాలా ఇళ్ళల్లో సుమీత్ అంటే మిక్సీ, మిక్సీ అంటే సుమీత్ అన్న రోజులుండేవి. 1978లో మద్రాసులో టి.టి.వరదరాజన్ ప్రీతి మిక్సీలు మొదలుపెట్టారు. 2011లో ఆ వ్యాపారాన్ని ఫిలిప్స్ కొనుక్కుంది.

రుబ్బురోలుకు అసలైన వారసుడు మాత్రం మిక్సీ కాదు, కోయంబత్తూరు గ్రైండరు. 1955లో అక్కడ పి.సభాపతి రాతిని మోటారుతో తిప్పించారు. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి కోస్తుంది, కోస్తూ వేడెక్కుతుంది. గ్రైండరు రాయి మెల్లగా తిరిగి నలుపుతుంది. మినప్పిండి చల్లగా ఉండి, గాలి పట్టి పొంగేది అందుకే. వారానికి రెండు మూడుసార్లు ఇడ్లీ, దోసె వేసుకునే ఇంటికి మంచి మిక్సీ ఉన్నా గ్రైండరు అవసరం తీరదని నా నమ్మకం.

హోసూరుకు ఈ యంత్రాల లోకంతో దగ్గర చుట్టరికమే ఉంది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక ఇక్కడి పొలాల పక్కన లారీలు, మోపెడ్లు, గడియారాలు తయారయ్యాయి. ప్రెస్టీజ్ కుక్కర్ల టీటీకే కంపెనీ నమోదిత చిరునామా కూడా హోసూరు సిప్‌కాటే. ఇప్పుడు గురుబరపల్లి సిప్‌కాట్‌లో డెల్టా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ నడుస్తోంది.

ఈ ఊళ్ళల్లో మిక్సీని ఇంటింటి వస్తువు చేసింది మాత్రం బజారు కాదు, రేషన్ కార్డు. 2011 ఎన్నికల్లో మిక్సీ, గ్రైండరు వాగ్దానాల పోటీ నడిచింది. గెలిచిన జయలలిత ప్రభుత్వం ఆ ఏడాది సెప్టెంబరు 15న పథకం మొదలుపెట్టింది. మిక్సీ, గ్రైండరు, టేబుల్ ఫ్యాను మూడూ ఉచితం. తర్వాతి ఏళ్ళల్లో కోటిన్నరకు పైగా కుటుంబాలకు అవి చేరాయి. ఉచితాలు తప్పని సుప్రీంకోర్టుకు వెళ్ళినవాళ్ళున్నారు. ఎన్నికల ప్రణాళికలో ఇలాంటి వాగ్దానాలు అవినీతి చర్య కిందికి రావని కోర్టు 2013 జూలై 5న తీర్పు చెప్పింది. ఖజానా మీద భారం గురించి వాదించుకోవచ్చు. కానీ పిండి రుబ్బడం కూడా పనేనని, దాన్ని తగ్గించడం ప్రభుత్వం బాధ్యతేనని ఒప్పుకున్న పథకాలు మన దేశంలో ఎన్ని ఉన్నాయి? రాగి సంగటికి కర్రతో కెలికే చెయ్యి చాలు. దాంట్లోకి చెనిక్కాయల ఊరిబిండి నూరే చేతికి ఆ మిక్సీ కాస్త ఊపిరిచ్చింది.

ఇక కొత్తగా కొనేవాళ్ళ మాట. వాట్లు చూసి మోసపోవద్దు. డబ్బా మీద రాసేది మోటారు తినే కరెంటు, చేసే పని కాదు. చట్నీలకు, తడి మసాలాలకు 500 వాట్లు సరిపోతాయి. పసుపు, ధనియాలు, ఎండుమిరపకాయలు ఇంట్లోనే కొట్టుకునేవాళ్ళకు 750 వాట్లు కావాలి. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 4250 అన్న అంకె ఉన్నాయా చూడండి. అది ఇంటి మిక్సీలకు మన దేశ ప్రమాణం. మోటారు చుట్టింది రాగి తీగతోనా అల్యూమినియంతోనా అని అడగండి. వేడికి తట్టుకోవడంలో రాగిదే పైచెయ్యి.

నేను అన్నిటికన్నా ముందు చూసేది కప్లరు. జారునూ మోటారునూ కలిపే ఆ పళ్ళచక్రం చవక ముక్క. బ్లేడు ఇరుక్కుంటే ముందు దాని పళ్ళే ఊడతాయి, మోటారు బతుకుతుంది. కాబట్టి కప్లరు విరగడం మిక్సీ లోపం కాదు. ఆ ముక్క మీ ఊళ్ళో, కాకపోతే హోసూరులోనో కృష్ణగిరిలోనో దొరక్కపోతే ఆ కంపెనీది కొనకపోవడమే మేలు. మోటారు కార్బన్లు, జారు బుష్షు, వాషర్లకూ ఇదే మాట. జారు కింద నల్లటి జిడ్డు కారుతోందంటే బుష్షు పోయిందని గుర్తు. ఆ జిడ్డు చట్నీలోకి ఎక్కకముందే మార్పించాలి. ఫుడ్ ప్రాసెసరు కొంటే పిండి కలిపే పెద్ద గిన్నె అడుగున గేర్లు దేనితో చేశారో కనుక్కోండి. గట్టి చపాతీ పిండి బరువంతా వాటి మీదే పడుతుంది.

మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం ఉంటుంది. బరువెక్కువై మోటారు వేడెక్కితే అది కరెంటు ఆపేస్తుంది. కొందరు చల్లారనివ్వకుండా వెంటవెంటనే నొక్కుతూ పోతారు. మోటార్లు చాలావరకు కాలేది అక్కడే. జారు సగానికి మించి నింపకుండా, ఆపి ఆపి తిప్పితే ఆ బొత్తాం ఎగరదు. వోల్టేజి తగ్గినప్పుడు గ్రైండరు గుయ్యిమంటూ తిరగకపోతే వెంటనే స్విచ్ ఆపాలి. అలాగే వదిలేస్తే వైండింగు మాడుతుంది.

2011 తర్వాత వచ్చిన ఉచిత మిక్సీ ఇంట్లో మూలన పడి ఉంటే, కొత్తది కొనేముందు దాన్ని ఒకసారి విప్పించండి. కార్బన్లు అరిగి ఉంటాయి, లేదా కప్లరు పోయి ఉంటుంది. రెండూ చిన్న ఖర్చులే. మోటారు లోపల తిరిగే ఆర్మేచరు కాలి ఉంటేనే కొత్తదాని బేరం.