చెన్నపట్టణపు నగరసంఘము: వీథి, ఇసుక, చెఱువు

గ్రామపెద్దల యెదుటికి వచ్చు తగవులలో పెక్కు చూచుటకు స్వల్పములు. ఒకని బండి రాత్రియంతయు వీథి కడ్డముగా నిలిచినది. ఇంకొకడు తన యరుగును మూరెడు ముందునకు జరిపినాడు. వేఱొకడు చెఱువు గర్భములో పాక వేసినాడు. రాజుల యుద్ధములను వ్రాయు చరిత్రకారులు వీనిని లెక్కింపరు. అయినను యుద్ధములు ముగిసి రాజ్యములు మాఱిన పిదపకూడ, బండి యెక్కడ నిలువవలెను, ఇల్లెక్కడ నిలువవలెను అను తగవు మాత్రము ముగియకున్నది. చెన్నపట్టణపు నగరసంఘము కథ విన్నవారి కీ సంగతి తెల్లమగును. అది 1688లో పుట్టినది. భారతదేశమున ఇట్టి సంఘములలో అదియే మొట్టమొదటిది. పుట్టిననాటినుండియు మన తెలుగువారి కందులో పాలు గలదు.

1639లో ఈస్టిండియా కుంఫిణీవారికి ఆ ఇసుకతిన్నెపై చోటు దొరకినపుడు వారికి దుబాసిగా నుండి తోడ్పడినవాడు బేరి తిమ్మన్న. కోట చుట్టును ఊరు పెరిగెను. గోడలోపల తెల్లదొరలు, వెలుపల ఉత్తరపుదిక్కున వర్తకులు, నేతగాండ్రు, కూలివారు. అందు తెలుగువారు చాలమంది. ఆంగ్లేయులు తమ దస్తరములలో వీరిని జెంటూలని వ్రాసికొనిరి. ఊరికి కావలి కావలెను, వీథులు ఊడ్వవలెను, వానికి రొక్కము కావలెను. ఆ రొక్కము తమ పెట్టెలోనుండి తీయుటకు లండనులోని యజమానులకు మన సొప్పలేదు. ఇండ్లపై పన్ను వేయుమని వారు తాకీదులు పంపిరి.

1686 ఆరంభమున ఆ పన్నుపై పెద్ద గలభా పుట్టెను. కులపెద్దలు కోటకు పోయి మొఱపెట్టుకొనిరి. దొర వినలేదు. మఱునాడు అంగళ్లు మూతపడినవి, పనివాండ్రు పనిలోనికి పోలేదు. అంతట గవర్నరు దండోరా వేయించెను: లొంగనిచో పెద్దల ఇండ్లు పడగొట్టించి, ఆ స్థలము లమ్మించి, వారిని సంసారములతో గూడ ఊరినుండి వెడలగొట్టింతునని. జనులు లొంగిరి. అయినను, లొంగుట వేఱు, పన్ను చెల్లించుట వేఱు. ఈ భేదము కరణీకము చేసిన కుటుంబములవారికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు.

అపుడు కుంఫిణీ పెద్దలలో సర్ జోషయా చైల్డ్ అనునాతని కొక యూహ తోచెను. పరుల ఆజ్ఞచే ఇచ్చు ఆఱు పెన్నీలకంటె, తమ సంఘము తామే వేసికొన్న ఐదు షిల్లింగులను జనులు సంతోషముతో నిత్తురని ఆతడు తలచెను. ఐదు షిల్లింగులనగా అఱువది పెన్నీలు. ఆతడు జనస్వభావము నెఱుగక పోలేదు. రాజగు రెండవ జేమ్సుతో ఆలోచించి 1687 కడపట శాసనపత్రము వ్రాయించిరి. 1688 సెప్టెంబరు 29వ తేదీన సంఘము కొలువు తీరెను. నథానియల్ హిగ్గిన్‌సన్ అను కుంఫిణీ యుద్యోగి మొదటి మేయరు. ఆతని క్రింద పండ్రెండుగురు ఆల్డర్‌మనులు. వారిలో ఆంగ్లేయులు, పోర్చుగీసువారు, యూదులు, హిందువులు గలరు. హిందువులలో ఒకడు బేరి తిమ్మన్న తమ్ముడు చిన వెంకటాద్రి. వారికి ఎఱ్ఱని అంగీలు, ముందు నడచుటకు వెండిబెత్తములు, మీద పట్టుటకు గొడుగులు. చెన్నపట్టణపు టెండలో ఉన్నిబట్ట తొడిగి నడచిన ఆ పెద్దల నిప్పుడు తలచుకొన్నను జాలి కలుగును.

అంగీలు వచ్చినవిగాని పన్ను రాలేదు. పురమందిరము, చెఱసాల, బడి కట్టింతుమన్నవారికి రొక్కము చాలకపోయెను. కారణము దూరమున వెదుక నక్కఱలేదు. తమ సంఘము తామే వేసికొన్న పన్ను అన్నాడు చైల్డ్. కాని సంఘములోని పెద్దలను కుంఫిణీయే పత్రములో పేర్లతో వ్రాసి నియమించినది. వీథిలోనివా రేర్పఱచుకొన్నవారు కారు. చిన వెంకటాద్రి తెలుగువాడే. అంతమాత్రమున నేతగానికి ఆతడు తనవా డనిపించెనో లేదో!

ఇక సముద్రతీరమునకు వత్తము. పూర్వము కోటకు సమీపముననే కెరటములు కొట్టుచుండెను. నేడు మనము చూచు వెడల్పైన ఇసుకమైదానము అప్పుడు లేదు. 1876 ప్రాంతమున రేవు కట్టుటకు సముద్రములోనికి రాతిగోడలు వేసిరి. ఆ తీరమున ఏటిలో చాలకాలము ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. గోడ అడ్డము వచ్చుటచే దక్షిణమున ఇసుక పేరుకొనెను. ఉత్తరమున రాయపురమువైపు తీరము కోసికొని పోయెను. ఒకరికి మైదానము, ఒకరికి కోత. దక్షిణపుటిసుకను చూచి ముచ్చటపడిన గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో అచ్చట బాట వేయించి, సిసిలీ దీవిలోని పలెర్మో తీరమును తలచుకొని మెరీనా అని పేరు పెట్టెను.

ఆ తీరముపై అంతకుముందే కుప్పములు గలవు. పట్టణమువారికి షికారుచోటైనది బెస్తవారికి కట్టుమరము నిలుపుచోటు, వల యారవేయుచోటు, చేప లమ్ముచోటు. 1985లో తీరమును సుందరము చేయవలెనని రాష్ట్రప్రభుత్వము పడవలను తొలగింప బూనగా బెస్తవారు ఎదిరించిరి. పోలీసుల తుపాకులకు కొందఱు బలియైరి. పడవ నిలుపుటకు చోటను చిన్న తగవు ప్రాణములదాక పోయినది. పడవలు పిదపకూడ ఆ యిసుకపైనే నిలిచినవి.

మరల 2023 ఏప్రిలులో, కుప్పముల ముంగిట పోవు రోడ్డుపై చేపలబల్లలు రాకపోకలకు అడ్డమగుచున్నవని ఉన్నతన్యాయస్థానము విచారణ చేపట్టగా, నగరసంఘమువారు బల్లలను తీయించిరి. బెస్తలు రోడ్డున కూర్చుండిరి. తాము రోడ్డుపైకి రాలేదనియు, రోడ్డే తమ ఇండ్లకును సముద్రమునకును నడుమకు వచ్చినదనియు వారి వాదము. త్రోవను పోవువాని ప్రాణరక్షణ ముఖ్యము కాదని ఎవ్వరు నన లేరు. కాని ఆ రోడ్డు వేయునాడే ఈ సంగతి నెంచి, ముందుగా అంగడి కట్టియుండిన బాగుగ నుండెడిదని నా తలంపు. అంగడి 2024లో కట్టిరి.

సంఘము మంచి చేయలేదని నే ననుట కాదు. ప్రభుత్వము నియమించినవాడు గాక సభ్యులెన్నుకొనిన మొదటి యధ్యక్షుడు పిట్టి త్యాగరాయచెట్టిగారు. దేవాంగకులమునకు చెందిన తెలుగువారు. 1920లో థౌజండ్ లైట్స్ పేటలోని సంఘపు బడి పిల్లలకు మధ్యాహ్నము అన్నము పెట్టవలెనని ఆయన కాలమున తీర్మానించిరి. పిల్ల యొకనికి దినమున కొక అణా మించరాదని కట్టడి. ఆ అణా కథ తరువాత ఎంత దూరము నడచినదో మనబడులలో అన్నము తిను పిల్లలే చెప్పుదురు.

ఆయన పేర వెలసినదే త్యాగరాయనగరము. జనము పెరిగి ఇండ్లు చాలకపోగా, 1923 ప్రాంతమున మౌంటురోడ్డుకు పడమట మైళ్లపొడవున వంకరగా నుండిన పెద్దచెఱువులో నీరు దీసి ఇండ్లస్థలములు వేసిరి. అప్పటి ప్రధానమంత్రి పానగల్లురాజా, పానగంటి రామరాయణింగారు, తెలుగువారే. అచ్చటి ఉద్యానమునకు ఆయన పేరు. వీథులు తిన్నగా, ఇండ్లకు గాలి వచ్చునట్లు ఏర్పఱచిరి. ఆనాటి వారికది గొప్ప యూహ. చెఱువు క్రింద సాగుచేసికొను మాంబళపు రైతును ఆ యూహ ఏమి చేసినదో ఏ ఫలకమునను చెక్కలేదు.

ఆ నగరమున పాండీబజారు పుట్టెను. కాలక్రమమున కాలిబాటపై చిల్లరయమ్మకము, దాని ముందు కార్లు, నడచువాడు నడివీథిని. 2013లో చిల్లరవర్తకులను ఒక మేడలోనికి మార్చిరి. 2014లో సంఘమువారు బండ్లకంటె నడచువారికిని సైకిలు త్రొక్కువారికిని ముందు చోటీయవలెనని తీర్మానించిరి. 2019 నవంబరులో పాండీబజారులో బండ్లు పోవుచోటు తగ్గించి కాలిబాటలను విశాలము చేసిరి. కార్లు నిలుపుటకు పిదప సమీపమున అంతస్తులమేడ యొకటి లేచెను. ముసలివారు చేతికఱ్ఱతో నిర్భయముగా నడచుచున్నారు. కాలిబాటపై అమ్ముకొనువాడు మేడయెక్కినచో బేర మెంత తగ్గునో అంగడి నడపినవా రెఱుగుదురు.

2015 డిసెంబరులో చెన్నపట్టణమున మహావర్షము కురిసెను. పడమటి మాంబళపు వీథులలో నీరు నిలిచి జనులు మిద్దెల నెక్కిరి. ఆ పేటలో ఒక వీథికి నేటికిని లేక్ వ్యూ రోడ్డని పేరు. చెఱువు కనబడు వీథి యని దాని యర్థము.