సన్నదు దక్కితే జమీందారు, దక్కకుంటే పాలెగాడు

ఇంగ్లీషు పెద్ద నిఘంటువుల్లో ‘పాలిగార్’ అన్న మాట ఇప్పటికీ ఉంది. దక్షిణాది చరిత్ర రాసేవాళ్లు తప్ప దాన్నిప్పుడు ఎవరూ వాడరు. 18వ శతాబ్దంలో మాత్రం మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ దొరలకు అది రోజూ వాడే మాట. 1763 నుంచి సంపుటాలుగా వెలువడిన రాబర్ట్ ఆర్మ్ యుద్ధ చరిత్ర నిండా అది కనిపిస్తుంది. 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దాన్ని అడవి సీమల సామంతుడని చెబుతూనే, ఒకప్పటి దోపిడీ అలవాట్లనూ అర్థంలో కలిపేసింది. ఒక పెద్ద జాతి కుక్కకు కూడా ఆ పేరున్నట్టు నమోదు చేసింది. పాళెం పట్టి, సీమకు కావలి కాసినవాడి పేరు పరాయి భాషలో ఇంతగా దిగజారడానికి పాలెగాళ్ల నడవడి ఒక్కటే కారణం కాదు. కంపెనీ ఎవరితో ఒప్పందానికి వచ్చింది, ఎవరితో తలపడింది అన్నదే ఆ అర్థాన్ని నిర్ణయించింది. అందుకు చిత్తూరు సీమ చరిత్రే సాక్ష్యం.

తిరుపతి చుట్టుపక్కల 1750ల నాటి పోరాటాల గురించి రాస్తూ ఆర్మ్ ముగ్గురిని పెద్ద పాలెగాళ్లుగా లెక్కించాడు. వాళ్లు వెంకటగిరి బంగారు యాచమనాయుడు, కాళహస్తి దామెర్ల వెంకటప్ప, కార్వేటినగరం బొమ్మరాజు. ముగ్గురికీ కోటలున్నాయి, సొంత బలగాలున్నాయి. 1792లో ఆర్కాటు నవాబు కంపెనీతో చేసుకున్న ఒప్పందంతో ఈ సంస్థానాల పేష్కష్ (కప్పం) నవాబు చేతి నుంచి కంపెనీ చేతికి మారింది. 1802లో వీటికి శాశ్వత సన్నదులు (హక్కు పత్రాలు) ఇచ్చారు. అప్పటి నుంచి కాగితాల్లో వాళ్లు జమీందారులు, రాజులు. చిత్తూరు, చంద్రగిరి కొండల నడుమ బంగారి, నరగంటి, కల్లూరు, పులిచెర్ల, పాకాల, మొగరాల వంటి చిన్న పాళేలవాళ్లకు ఆ యోగం పట్టలేదు. 1801 దాకా నవాబు ఏలుబడిలోనే ఉన్న వీళ్లు కంపెనీ కలెక్టర్ కిందికి వచ్చాక పన్ను దగ్గరా, పాత హక్కుల దగ్గరా పేచీ ముదిరింది. 1804లో తిరగబడ్డారు, సైన్యం దిగి అణచివేసింది. తర్వాత పాళేలు కొన్ని తిరిగి ఇచ్చినా, రికార్డుల్లో వాళ్లు ‘చిత్తూరు పాలిగార్లు’గానే మిగిలారు.

పాలెగాళ్లు ఊళ్లు కొల్లగొట్టిన మాట నిజం కాదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కావలి రుసుము పేరుతో రైతును పీడించినవాళ్లున్నారు. కావలి కాయాల్సినవాడే దొంగలకు కొమ్ముకాసిన సందర్భాలూ ఉన్నాయి. తెలుగులో కూడా పాలెగాడంటే దౌర్జన్యపరుడన్న ఛాయ ఉంది. దాన్ని కాదనడం చరిత్రకు ద్రోహం. కానీ నడవడే కొలబద్ద అయితే, సొంత సైన్యాలతో తిరుపతి చుట్టూ జరిగిన యుద్ధాల్లో పక్షాలు మార్చిన పెద్ద సంస్థానాలకూ అదే పేరు నిలవాలి. నిలవలేదు. చేతిలో సన్నదు పడగానే పాత పేరు పోయింది.

నిఘంటువు వాడుకను నమోదు చేస్తుందే గాని తీర్పు చెప్పదు కదా అన్నది మరో వాదన. అయితే ఆ వాడుక ఎవరిది? పన్ను వసూలు చేసే కలెక్టరుది, బలగం నడిపే దండనాయకుడిది. పాళెమంటే విజయనగరం కాలంలో సైనిక సేవకూ కావలికీ బదులుగా దక్కిన భూమి అన్న అసలు సంగతి వాళ్ల లేఖల్లో అడుగున పడింది; బకాయి, తిరుగుబాటు, దండయాత్ర పైకి వచ్చాయి. ఎదురు తిరిగినప్పుడల్లా దొరల కలం కింద నలిగిన మాట అది. దాని అర్థంలో ఆ ఘర్షణ మిగలకుండా ఎలా ఉంటుంది?

1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారులనూ, పాలెగాళ్లనూ ఒకే గాట కట్టి తుడిచిపెట్టింది. చట్టం చూడని తేడాను మన పుస్తకాలు ఇంకా పాటిస్తున్నాయి. కాళహస్తి, కార్వేటినగరం ప్రభువుల కళాపోషణకు అధ్యాయాలు దక్కుతుంటే, బంగారుపాళెం పేరు వెనకున్న పాళెం గురించి జిల్లా పిల్లలకు ఒక్క వాక్యం దొరకదు. రాయలసీమలో నెత్తురు చిందినప్పుడల్లా పాలెగాళ్ల వారసత్వమని తేల్చేయడం కూడా ఆ దొరల నిఘంటువును కళ్లు మూసుకుని నమ్మడమే. 1804 తిరుగుబాటు కాగితాలను తెలుగులోకి తెచ్చి, పాలెగాళ్ల తప్పొప్పులను మన కొలతతో మనమే తూచాలి.