బంతి కలిపిన స్నేహాలు: సికింద్రాబాదు మైదానాల ముచ్చట

రాంగోపాల్‌పేట అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది ఎం.జి. రోడ్డు మీది పాత పోలీసుస్టేషను, దాని గడియారం. ఆ భవనం దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ గారి చలవ. పేటకు పేరూ ఆయనదే. అప్పట్లో ఆ రోడ్డు జేమ్స్ స్ట్రీటు. అక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలోనే పరేడ్ గ్రౌండ్స్, జింఖానా మైదానం ఉన్నాయి. 1806లో సికందర్ జా పేరిట దండు ఊరుగా ఏర్పడిన సికింద్రాబాదుకు ఫుట్‌బాల్ తెల్ల సిపాయిలతో వచ్చింది. సాయంత్రం వాళ్లు ఆడుతుంటే గట్టున నిలబడి చూసిన పిల్లలకు ఆ పిచ్చి అంటుకుంది. బూట్లు కొనే తాహతు ఎవరికుంది? ఉత్త కాళ్లతోనే ఆడేవారు. క్రికెట్ తప్ప మరో ధ్యాస లేని మన మనవలకు చెబితే నమ్మరు గాని, ఒకప్పుడు ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా తర్వాత మన జంటనగరాలే.

ఆ వైభవానికి కర్త ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకులుగా ఉన్నారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు మన సిటీ పోలీసులే పట్టుకొచ్చారు. కలకత్తా క్లబ్బులకు డబ్బుంది, పేరుంది, లక్షలాది అభిమానులున్నారు. మనవాళ్లు నెలజీతం మీద బతికే చిరుద్యోగులు. ఈ సంగతి ఉద్యోగులమైన మనం కాస్త గర్వంగానే చెప్పుకోవచ్చు.

రహీం గారు కుర్రాళ్లకు పెట్టిన పోటీల్లో ఒక చిత్రమైన నిబంధన ఉండేది. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకుని మెలికలు తిప్పకూడదు, అందిన వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ముగ్గురిని ఒక్కడే దాటుకుపోయి చప్పట్లు కొట్టించుకోవడం కుదరదు. తోటివాడు ఎక్కడున్నాడో తలెత్తి చూసుకోవాల్సిందే. ఆ రోజుల్లో మన జట్ల ఆటతీరుకు పునాది అదే. నన్నడిగితే, వీధిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని పిల్లలను స్నేహితులను చేయడానికి ఇంతకంటే మంచి పాఠం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కథే చూడండి. పేద తమిళ కుటుంబం. రహీం గారి కంట పడ్డాడు గాని, హైదరాబాదు వచ్చి ఆడదామంటే దారి ఖర్చులకు డబ్బుల్లేవు. అద్దె సైకిలు కోసమని రహీం గారు రోజుకో రూపాయి చేతిలో పెట్టారని చెప్పుకుంటారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సంపాదించిన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. గోలుకీపరు పీటర్ తంగరాజ్ కూడా ఇక్కడి చిన్న క్లబ్బులలో ఆడి ఎదిగినవాడే. మెల్‌బోర్న్ జట్టులోని అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ మన జంటనగరాల వాళ్లే. ఒకరిది ఉర్దూ, ఒకరిది తమిళం, మరొకరిది తెలుగు. మైదానంలో దిగాక ఆ తేడాలు ఎవరికి పట్టాయి?

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకూ రహీం గారే గురువు. అప్పటికే ఆయనను కేన్సర్ తినేస్తోంది. మరుసటి జూన్‌లో పోయారు. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాకే చాలామంది హైదరాబాదీలకు ఆయన పేరు తెలిసింది! 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత ఆ కప్పు మళ్లీ మన గడప తొక్కలేదు.

ఇక వైద్యుల మాట. 1953లో జెర్రీ మారిస్ అనే డాక్టరు లండన్ రవాణా ఉద్యోగులను సుమారు 31 వేల మందిని పరిశీలించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని తేలింది. రాణీగంజ్ డిపోలో పనిచేసిన మన మిత్రులకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

అది ఒంటి సంగతి. మరొకటి ఉంది. కోపెన్‌హాగెన్ నగరంలో సుమారు 8,500 మందిని పాతికేళ్ల దాకా గమనించి 2018లో ఒక లెక్క ప్రకటించారు. ఏ వ్యాయామమూ చేయనివారి కంటే ఒంటరిగానైనా చేయగలిగిన జాగింగ్ చేసేవారు 3.2 ఏళ్లు, ఫుట్‌బాల్ ఆడేవారు 4.7, బాడ్మింటన్ ఆడేవారు 6.2, టెన్నిస్ ఆడేవారు 9.7 ఏళ్లు ఎక్కువ బతికారట. ఆటే ఆయుష్షు పెంచిందా, లేక ఆడగలిగిన స్థోమత ఉన్నవారే ఎక్కువకాలం బతికారా అన్నది ఈ లెక్క తేల్చలేదు. అయినా, పక్కన మరో మనిషి ఉండి తీరాల్సిన ఆటలే పైన నిలిచాయని పరిశోధకులు గమనించారు. రహీం గారి నిబంధన వాళ్లకు తెలియదు పాపం.

పదవీ విరమణతో మనం పోగొట్టుకునేది కుర్చీ ఒక్కటే కాదు. ఆఫీసు వాలీబాల్ జట్టు, మధ్యాహ్నపు కారమ్స్, ఇంటర్ డిపార్ట్‌మెంట్ పోటీల కేకలు కూడా ఆ రోజుతోనే పోతాయి. డాక్టరు నడవమంటాడు. నడుస్తాం. మందు మింగినట్టు, ఒంటరిగా, గడియారం చూసుకుంటూ. బలరాం గారు బెంగాలులోని ఉత్తరపారాలో పెళ్లి లేకుండా, ఒంటరిగా తన చివరి దశాబ్దాలు గడిపి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. వేలమంది చప్పట్లు విన్న మనిషి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మన పేట నుంచి మినిస్టర్ రోడ్డు దాటితే హుస్సేన్‌సాగర్ గట్టు. సంజీవయ్య పార్కు, నెక్లెస్ రోడ్డు దగ్గరే. అక్కడ పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల గుంపులు కొన్ని ఉన్నాయి. నడక తక్కువ, ముచ్చట్లు ఎక్కువ అని ఇంట్లోవాళ్లు దెప్పుతుంటారు. అయితేనేం. ఆ గుంపులో ఒక మనిషి రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంటూ ఇద్దరు ఆయన ఇంటి మెట్లు ఎక్కుతారు. ఆయన భార్య లోపలి నుంచి టీ తెస్తుంది.