బస్తరు దర్బారు - మన కచేరీలు

2020 మార్చి 19వ తేదీని కేంద్ర ప్రభుత్వము 'బి', 'సి' గ్రూపుల సిబ్బందిలో సగముమంది కచేరీకి వచ్చిన చాలుననియు, తక్కినవారు ఇంటినుండి పనిచేయవలెననియు ఉత్తరువు చేసెను. కోవిడు శాంతించినను హైబ్రిడ్ పద్ధతి యను మాట మనలో నిలిచిపోయినది. ఒకే బల్లను పలువురు వంతులవారీగా వాడుకొనుట, అడ్డుతెరలు జరిపి గదిని సభాస్థలిగా మార్చుట మున్నగు ఏర్పాట్లను గూర్చి నేడు విశేషముగా చర్చ జరుగుచున్నది. ఇవన్నియు నూతనములని మన భ్రమ.

మన పల్లెలలో కరణముగారి యిల్లే కచేరి. గ్రామచావడిలో పగలు శిస్తు వసూలు, సాయంకాలము పంచాయతీ, రాత్రి బాటసారుల పడక. 1984లో ఆ పదవులు రద్దగువరకు లెక్కలు కరణముగారి యింటనే యుండెడివి. అది వారికి సౌకర్యము. అరుగు క్రింద నిలుచున్న రైతునకు మాత్రము పడిగాపులు.

ఈ రెండవ పక్షపు బాధ ఎంతదూరము పోగలదో బస్తరు చరిత్రవలన తెలియును. ఆ సీమ మనకు పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు అచట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. రాజధాని ఒకచోట నిలువక, 18వ శతాబ్దిలో జగదల్పూరునకు చేరెను. రాజున్న చోటే కచేరి. రాజు కదలినచో కచేరి కదలినట్లే.

1876లో రాజు భైరందేవు వేల్సు యువరాజును దర్శింప బయలుదేరగా ప్రజలు దారిలో అడ్డగించిరి. యువరాజుమీద వారికేమియు కోపము లేదు. రాజు దూరమైనచో దివాను గోపీనాథ కపర్దారు చేతిలో నలిగిపోవుదుమని వారి భయము. తుదకు మురియాలు జగదల్పూరును ముట్టడించిరి. గోదావరీ ప్రాణహితల సంగమము చెంతనున్న సిరొంచనుండి డిప్యూటీ కమిషనరు మెక్‌జార్జి సైన్యముతో వచ్చెను, దివాను తొలగింపబడెను. ఆ యేడు మార్చి 8న ప్రజలతో జరిగిన సమావేశమే మురియా దర్బారునకు ఆరంభమని చెప్పుదురు.

నేడు ఆ దర్బారు డెబ్బదియైదు దినముల బస్తరు దసరాలో భాగమై, జగదల్పూరులోని సిరహాసారు భవనమున జరుగుచున్నది. ఆ భవనమును చూడవలెను! అందొక గోతిలో ఒక యువకుడు జోగియై తొమ్మిదిదినములు ఉపవాసముతో కూర్చుండును. అతడు లేచిన పిమ్మట అదే కప్పు క్రింద మాంఝీలు, చాల్కీలు కూడి, మంత్రుల యెదుటను అధికారుల యెదుటను తమ ఊళ్ల కష్టములు చెప్పుకొందురు. ఒకే చోటు గుడియు నగును, కొలువుకూటమును నగును. 1948లో సంస్థానము విలీనమైనను ఆ కూటమి ఆగలేదు. ఏలయన ఆ స్థలము అధికారి సుఖమునకై గాక, అర్జీదారు రాకకై ఏర్పడినది.

2025 ఆగస్టు 6న ఢిల్లీలో కర్తవ్య భవన్-3 ప్రారంభమైనది. క్రొత్త కట్టడములను గూర్చి ముచ్చటించునప్పుడెల్ల మనము గాలి, వెలుతురు, కుర్చీల మధ్య ఎడము, కాఫీ యంత్రము లెక్కించుచుందుము. అవి కావలసినవే, ఇరువది యేండ్లు బీరువాల నడుమ కూర్చున్నవాడను, నాకు తెలియదా? కాని వచ్చినవాడు కూర్చుండు చోటు ఏ నక్షాలోను నాకు తొలిచూపున కనబడలేదు.

ఇంటినుండి పనిచేయు ఆ దినములలో ఒకనాడు, పదవీవిరమణ చేసిన తెలుగువృద్ధు డొకడు పింఛను కాగితములతో మా వసారాకు వచ్చెను. ఫైలు కంప్యూటరులో నున్నది. దానిని చూడవలసిన అధికారి ఇంట నున్నాడు. గోడకు చేరగిల నిలిచి ఆయన నన్నడిగిన దొక్కటే: "బాబూ, ఆ అయ్యగారి వంతు మళ్లీ ఏనాడు?"

వంతుల పట్టిక లోపలి గోడకు అంటించి యుండెను.