బాడీ మౌంట్ల బోల్టుల బిగింపు
నిచ్చెన ఆకారపు ఛాసిస్‌పై నిర్మించిన ట్రక్కులలో ఛాసిస్‌కూ క్యాబిన్‌కూ నడుమ ఉండి, కుదుపులను, చప్పుడును తగ్గించే రబ్బరు దిమ్మెలను బాడీ మౌంట్లు అంటారు. ఇవి కాలక్రమంలో గట్టిపడి పగుళ్లు బారుతాయి కనుక మార్చవలసి వస్తుంది. పాత వాహనంలో తుప్పుపట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే తెగిపోయే ప్రమాదం ఉన్నందున, ముందుగా తుప్పు వదిలించే నూనెతో నానబెట్టి విప్పి, దెబ్బతిన్నవాటి స్థానంలో అదే కొలత, అదే దృఢత్వం గల కొత్త బోల్టులు వాడాలి. బోల్టులన్నింటినీ మొదట చేతితో ఎక్కించి, క్యాబిన్ సరిగా కూర్చున్నాక, తయారీదారు సూచించిన టార్క్‌కు, అంటే న్యూటన్ మీటర్లలో కొలిచే తిప్పుడు బలానికి, టార్క్ రెంచితో బిగించాలి. ఉక్కు గొట్టం ఉన్న మౌంట్లలో రబ్బరు ఎంతవరకు నలగాలో ఆ గొట్టమే నిర్ణయిస్తుంది కనుక దానిని వదిలివేయరాదు. పొడి మరలకు నిర్దేశించిన టార్క్‌ను నూనె పూసిన మరలకు వాడితే, ఘర్షణ తగ్గడం వల్ల బోల్టు మితిమీరి సాగుతుంది.